వాడని తాళంచెవి

తాళాలూ గడియలూ మేకులూ అమ్ముతూ నలభై ఏళ్ళు ఒకే కొట్టులో నిలబడ్డ పెద్దాయన పోయాడు. కొట్టు ఖాళీ చేసే పని పెద్దకొడుకు మీద పడింది. సరుకంతా ఒక్క పూటలో తేలిపోయింది. తేలనిది రేకుడబ్బా ఒక్కటే. అందులో ముప్పై ఒక్క తాళంచెవులున్నాయి.

వీధిలో ఎవరు ఊరెళ్ళినా ఇంటి తాళంచెవి ఆయన చేతిలో పెట్టి వెళ్ళేవారు. కొందరు రెండోది ఎప్పటికీ అక్కడే ఉంచేశారు. దేనికీ చీటీ లేదు. పేరు రాస్తే దొంగకి దారి చూపించినట్టేనని పెద్దాయన రాయలేదు. ఏది ఎవరిదో ఆయన వేళ్ళకి తెలుసు.

కొడుక్కి ఆ డబ్బా అంటే మొదటినుంచీ పడదు. రెండు వీధుల అవతల అదే సరుకుతో సొంత కొట్టు పెట్టి, పైన ఇల్లు కట్టుకుని ఆరేళ్ళయింది. కొత్తింట్లో చేరిన వారమే దాని రెండో తాళంచెవి తండ్రి కొట్టుకి పట్టుకెళ్ళాడు. తండ్రి ఎవరితోనో నవ్వుతూ మేకులు తూస్తున్నాడు. బల్లమీద పెట్టి, మాట్లాడకుండా వచ్చేశాడు. ఇంతకంటే ఎవరైనా ఎలా పిలుస్తారని భార్య దగ్గర అన్నాడు కూడా. ఆ తర్వాత తండ్రి ఆ గడప తొక్కింది నాలుగుసార్లు, అదీ కబురు పెడితేనే. ఊరందరికీ నాలుగు ఎక్కువే వేసి మొగ్గుగా తూచిన మనిషి, తన దగ్గరికొచ్చేసరికి తరుగు తీశాడని కొడుకు లెక్క కట్టుకున్నాడు.

తాళంచెవులు తీసుకెళ్ళమని కబురు పెడితే, మధ్యాహ్నానికి వీధంతా వచ్చింది. కుట్టుమిషను పెద్దమ్మ తన తాళంచెవి వెతికి తీసుకుని చాలాసేపు చీరకొంగుతో తుడిచింది. తను ఆసుపత్రిలో ఉన్న నెలంతా ఆయనే వచ్చి మొక్కలకి నీళ్ళు పోశాడట. "నీళ్ళు పొయ్యమన్నానని నీళ్ళే పోశాడు నాయనా. ఎండనపడి వచ్చిన మనిషి, మా కుండలో మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. చెప్పిన పని దాటేవాడు కాదు" అంది.

చివరికి మంగలి మిగిలాడు, తండ్రికి ఈడువాడు. "మీ నాన్నకి గడ్డం గియ్యడం నావల్ల అయ్యేది కాదు అల్లుడూ. నోరు ఆగితేగా కత్తి నిలిచేది" అని నవ్వబోయి, నవ్వలేక మొహం తిప్పుకున్నాడు.

డబ్బాలో ఇంకొక్కటే ఉంది. కొడుకు దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. పళ్ళమీద ఆకురాయి గరుకు అలాగే ఉంది. తాళంలో ఒక్కసారీ తిరగలేదు. తల మాత్రం పట్టి పట్టి నున్నగా అరిగిపోయింది.

"ఇదెవరిది మావయ్యా?"

మంగలి ఆశ్చర్యంగా చూశాడు. "నీ ఇంటిదేగా. మొన్న వానాకాలం మీరంతా ఎక్కడికో వెళ్ళినప్పుడు, పిల్లలకి పెన్సిళ్ళు పట్టుకుని మీ గుమ్మంలో అరగంట తడిశాడు. చేతిలో తాళంచెవి ఉందిగదయ్యా, తలుపు తీసుకుని లోపలికెళ్ళమన్నాను."

"ఏమన్నాడు?"

"దాచమని ఇచ్చాడు గానీ తియ్యమని చెప్పలేదురా అన్నాడు."

కొడుకు ఆ తాళంచెవిని గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఆరేళ్ళు తండ్రి పేరున రాసుకున్న తరుగంతా తనదే అయింది. ఆరోజు బల్లమీద పెట్టినప్పుడు ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. రమ్మంటే చాలు. బతికున్నవాళ్ళకి బాకీ అయితే తీర్చే దారి ఉండేది.

షట్టరు దించి ఇంటికి నడిచాడు. భార్య పిల్లలతో పుట్టింట్లో ఉంది. తన తాళంచెవి జేబులోనే ఉంచి, తండ్రి దాచినదాన్ని తాళంలో పెట్టాడు. కొత్త పళ్ళు కాస్త పట్టేశాయి. మెల్లగా ఒత్తితే తిరిగింది. తలుపు తెరుచుకుంది.

"రా నాన్నా" అన్నాడు, గుమ్మానికి పక్కకి జరిగి.