నా పంటిగాటు

నేను ఒక కటింగ్ ప్లేయర్‌ని. తీగలు కొరకడానికి పుట్టాను. ఎర్ర పిడులు తొడిగించుకుని కార్ఖానా నుంచి దర్జాగా బయటికొస్తే, నన్ను కొన్న కాంట్రాక్టరు నాతో సోడాసీసాల మూతలు తీసేవాడు. అలా ఒకసారి నా పంటి అంచు పెచ్చు ఊడింది. మనుషులు చేతికి దొరికినదానితో పని కానిచ్చేస్తారు.

తర్వాత లైన్‌మన్ ఓదెలు చేతికొచ్చాను. పదమూడేళ్లలో ఆయన సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి సరఫరా ఆపించకుండా ఒక్క స్తంభమూ ఎక్కలేదు. ఆయనంటే నాకు గౌరవం.

ఆయన అక్క సరోజన కొడుకు శ్రావణ్. పందొమ్మిదేళ్లు. కరెంటు పని వాడికి నేర్పింది ఓదెలే. ఒక ఆదివారం బోరు స్టార్టర్ బాగుచేస్తానని మామను అడిగి నన్ను తీసుకెళ్లాడు. బోరు ఊసే లేదు. అడవిపందుల్ని చంపడానికి తమ మక్కచేను చుట్టూ మోకాలెత్తున తీగ కట్టాడు. సాయంత్రం దాని కొసను కొక్కెంతో కరెంటు లైనుకు తగిలించి, నన్ను మామ సంచిలో పెట్టేశాడు. ఆ తీగ కొరికింది నేనే. సిగ్గుగానే ఉంది.

మర్నాడు తెల్లవారుతూనే లైను చూడబోయిన ఓదెలుకు తీగ పక్కన చచ్చిన కుక్క కనిపించింది. సరఫరా ఆపించి, తీగ విప్పి కొస చూశాడు. నా పెచ్చు పంటిగాటు పోల్చుకుని అక్కను, మేనల్లుణ్ణి గట్టు మీదికే పిలిపించాడు.

తల్లీకొడుకులు పరుగెత్తుకొచ్చారు.

"పొద్దుగాల్నే ఇప్పుదామనుకున్న మామా, నిద్రబట్టింది," అన్నాడు శ్రావణ్.

"తీగ పీకేసినవ్ గద తమ్మీ, ఇగ సప్పుడు జెయ్యకు. కానిస్టేబుల్ పరీక్ష రాసిండు. కేసైతే పోరని బతుకు ఆగమైతది," అంది సరోజన.

"ఊకుంటే మల్ల కడ్తడక్కా. పొద్దుగాల గీ గట్టు మీదికెల్లి కలుపుకు పోయేది ఎవరు? నువ్వే గాదు?"

శ్రావణ్ తల్లి కాళ్లవైపు చూసి ఏడ్చేశాడు. ఓదెలు అక్కడే ఇంజనీరుకు ఫోన్ చేశాడు.

"సార్, కొక్కెం ఏసింది నా మేనల్లుడు. తీగ గోసిన ప్లేయర్ నాదే. పని నేర్పింది గూడ నేనే. రాసుకోండ్రి."

అప్పుడు నేను ఆయన పిడికిట్లోనే ఉన్నాను. నన్ను పోలీసులకు అప్పగించిందీ ఆయనే.

ఇప్పుడు లక్క ముద్ర వేయించుకుని పోలీస్ స్టేషన్ బీరువాలో సాక్ష్యంగా కూర్చున్నాను. బెయిలు మీదున్న శ్రావణ్ ఆదివారాలు సంతకానికి వస్తాడు. తీసుకొచ్చేది ఓదెలే. సరోజన గుమ్మం బయట నిలబడి తమ్ముణ్ణి నోటికొచ్చినట్టు తిడుతుంది. కానిస్టేబుళ్లు నవ్వుకుంటారు. నాకు మాత్రం ఎంత విన్నా తనివి తీరదు. ఆమె బతికుండి తిడుతోంది.