తలకిందులుగా పెట్టిన కార్డు

మా అన్నయ్య ఇరవై ఏళ్లుగా సిటీ బస్సు నడుపుతున్నాడు. ఆ ఉద్యోగం ఒకరోజు నా పరీక్ష గదిలో, నా పెన్ను కింద ఊగిసలాడుతుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే వాళ్ల నోట్లో గడ్డి పెట్టేదాన్ని.

నాది సైకాలజీ డిగ్రీ, ఆఖరి సంవత్సరం. ప్రాక్టికల్ పరీక్షకి ఎవరి సబ్జెక్టుని వాళ్లే తెచ్చుకోవాలి. సబ్జెక్టు అంటే మనం ప్రయోగం చేసే మనిషి. మనిషి లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే ఏడాది నీళ్లపాలు. వస్తానని ఒట్టేసిన స్నేహితురాలు తొమ్మిదిన్నరకి ఫోన్ చేసి జ్వరమంది. స్టాఫ్ కదా, బస్సులో టికెట్ లేకుండా దర్జాగా నన్ను దింపడానికి వచ్చిన అన్నయ్య చొక్కా పట్టుకున్నాను.

"నావల్ల కాదు పొట్టీ. మీ వదినని పిలిపిస్తా."

"వదిన వచ్చేసరికి పరీక్ష అయిపోతుంది. రంగుల పేర్లు చెప్పడమేగా, కొండని పిండి చెయ్యమన్నానా?"

మూడు వారాలుగా ఇంట్లో ఇదే తంతు. కాలేజీలోని రంగుల కార్డు చూసి నేను గీసుకున్న నకలు ముందు అమ్మ కూర్చుంది, వదినైతే నలభైసార్లు కూర్చుంది. ఈ మహానుభావుడు మాత్రం కార్డు తీయగానే పక్కగదిలోకి జారుకునేవాడు. నాకు ఒళ్లు మండేది. పరీక్ష పూట మాత్రం కాసేపు పెదవులు కదుపుతూ నిలబడ్డాడు.

"ఇంట్లో ఉన్న కార్డేనా? అదే వరసా?"

"అదే."

"సరే, పద."

బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్‌కి మావాళ్లు పెట్టుకున్న పేరు కత్తెర. మార్కులు కోయడంలో ఆవిడ చెయ్యి అలాంటిది. సరిగ్గా మా బల్ల పక్కనే కుర్చీ వేసుకుంది. ఫారంలో సబ్జెక్టు పేరు రాయకూడదు, నంబరే రాయాలి. నంబరు వేశాను, వయసు నలభై రెండని రాశాను. వృత్తి గడి తర్వాత నింపుదామని వదిలేశాను.

కార్డు మీద నాలుగు వరసలు, వరసకి పది చుక్కలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు కలగాపులగంగా ఉంటాయి. ఏళ్ల తరబడి వాడి వాడి అన్నీ వెలిసిపోయాయి. స్టాప్‌వాచ్ నొక్కాను. అన్నయ్య గడగడా అప్పజెప్పేశాడు. నలభైకి నలభై ఒప్పు. నా ప్రాణం కుదుటపడింది.

"ఈయన కార్డు చూడలేదు, గోడని చూస్తూ చెప్పారు," అంది కత్తెర. లేచి వచ్చి కార్డుని తలకిందులు చేసి పెట్టింది. "మళ్లీ చేయించు."

అన్నయ్య మెడ మీద చెమట కనిపించింది. మొదటి చుక్క నీలం, సరిగ్గానే చెప్పాడు. రెండోది ఎరుపు. ఆకుపచ్చ అన్నాడు. మూడోది ఆకుపచ్చ. దాన్ని చాలాసేపు చూసి ఎరుపన్నాడు. వాచీ పరిగెడుతోంది, నేను తప్పు తప్పుకీ అడ్డగీత గీస్తున్నాను. మొత్తం పదమూడు గీతలు. నీలంలో, పసుపులో ఒక్కటి కూడా లేదు.

అప్పుడు అర్థమైంది నాకు. పక్కగదిలో కూర్చుని, వదిన గొంతు వింటూ కార్డంతా కంఠతా పట్టాడు. డిపోలో కంటి పరీక్ష కూడా ఇలాగే గట్టెక్కుతున్నాడన్నమాట. మూడేళ్లు మనుషుల మనసు గురించి చదివాను, ఇంట్లో మనిషి కళ్ల సంగతి తెలుసుకోలేకపోయాను. ఛీ, నా చదువు.

"తప్పులకి కారణం ఏంటి?" అంది కత్తెర.

"కంగారు, మేడమ్."

"కంగారు రెండు రంగుల దగ్గరే పుడుతుందా?"

ఏడాది పోతే మళ్లీ రాసుకుంటాను. ఈ వయసులో స్టీరింగ్ పోతే అన్నయ్యకి మరో పని ఎవరిస్తారు?

"తెలియదు, మేడమ్," అన్నాను.

"తెలియకేం, దానికి తెలుసండి," అన్నాడు అన్నయ్య. "నాకా రెండు రంగులూ ఒకటే. చిన్నప్పటి నుంచీ అంతే."

కత్తెర ఫారం మీద వేలు పెట్టింది. "వృత్తి రాయలేదు."

నేను గబగబా 'వ్యాపారం' అని మొదలుపెట్టాను. రెండక్షరాలు పడ్డాయో లేదో, అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"డ్రైవరని రాయవే."

"నువ్వు నోరు మూసుకో అన్నయ్యా. ఇక్కడి మాట బయటికి పోదు. మా చదువులో మొదటి పాఠం అదే. మేడమ్ కూడా ఎవరికీ చెప్పకూడదు."

కత్తెర అవునన్నట్టు తలూపింది.

"పోకపోతే మరీ కష్టమే పొట్టీ," అన్నాడు. "ఇన్నేళ్లూ సిగ్నల్లో పైది వెలిగితే ఆగు, కిందది వెలిగితే పో అని నడిపా. మొన్న జోరువానలో ఏది పైదో ఏది కిందదో తెలీలేదు. వెనక హారన్లు విని కదిలా. బండిలో యాభై మంది ఉన్నారే."

రాసింది కొట్టేసి, డ్రైవర్ అని రాశాను. అక్షరాలు వంకరపోయాయి. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

కత్తెర ఒక్క మార్కు కూడా కోయలేదని వారం తర్వాత తెలిసింది. ఆ పూట మాత్రం వరండాలో నిలబడి అన్నయ్య డిపోకి ఫోన్ చేశాడు. మధ్యాహ్నం రెండింటి డ్యూటీకి రానన్నాడు. అవతల ఏమైందని అడిగినట్టున్నారు.

"కళ్లు," అన్నాడు. "వచ్చి అంతా చెప్తా."

ఇంటికి వెళ్లే బస్సెక్కాం. కండక్టర్ తెలిసినవాడే, నవ్వుతూ మమ్మల్ని దాటిపోబోయాడు. అన్నయ్య అతన్ని ఆపి రెండు టికెట్లు అడిగాడు.

"నీకెందుకు గురూ టికెట్?" అన్నాడు కండక్టర్.

"ఇవ్వు," అన్నాడు అన్నయ్య.