కాలరు వెనక గుర్తు

నేను ఒక డేటాబేస్‌ను. అబ్బే, లేచి వెళ్లిపోకండి! పట్టికల్లో సంగతులు దాచుకుని, అడిగినప్పుడు చెప్పేదాన్ని, అంతే. విజయనగరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో, తిరిగినా గాలి రాని ఫ్యాను కింద, సుభాషిణి అనే అమ్మాయి చేతుల్లో పుట్టాను.

అక్కడ ప్రాజెక్టు అంటే సీనియర్ల ఫైలు తెచ్చుకుని మొదటి పేజీలో పేరు మార్చుకోవడం. కిందటేడు సుభాషిణి కూడా ఆ పనే చేసి, వైవాలో నోరు పెగలక తప్పింది. ఈసారీ తప్పితే ఏడాది పోతుంది. అందుకే పంతం పట్టి, నిజంగా పనిచేసేదాన్నే తయారు చేస్తానంది. హాస్టల్ బట్టల సంగతి నాకు అప్పగించింది. ఒక పట్టికలో అమ్మాయిలు, రెండో దాంట్లో వాళ్లు ఉతకడానికి వేసిన బట్టలు. రెంటినీ పేరుతో ముడివేసింది.

చిక్కు అక్కడే వచ్చింది. హాస్టల్లో లావణ్యలు ముగ్గురు, అందులో ఇద్దరి ఇంటిపేరూ ఒకటే! రెండో లావణ్య రాగానే "ఈవిడ ఇదివరకే ఉంది" అని మొండికేశాను. "నువ్వు నోర్మూసుకో" అని సుభాషిణి ఒక పేరు ఒక్కసారే ఉండాలన్న నిబంధనే తీసిపారేసింది. సరే, నాదేం పోయింది! పరీక్షించిన రోజు ఏ లావణ్య అడిగినా ముగ్గురి బట్టలూ చూపించాను. ఒక్క పసుపు చున్నీ కోసం వరండా అంతా గోలగోల. వైవాకి ఇంకా రెండు రోజులే. సుభాషిణి మెట్లమీద కూర్చుని ఏడ్చేసింది. నాకే సిగ్గేసింది.

బట్టలుతికే అప్పాయమ్మ మూట దించి పకపకా నవ్వింది.

"పేరేటికమ్మా? పేరు పదిమందికుంటాది. ఇదిగో, ఇది సూడు" అంటూ ఒక ల్యాబ్ కోటు కాలరు తిరగేసింది. నల్లజీడి రసంతో పెట్టిన గుర్తు: రెండు గీతలు, ఒక చుక్క. "మడిసికో గుర్తు. ఆ పిల్ల సదువైపోయి ఎల్లిపోయినా సరే, ఆ గుర్తు ఇంకోల్లకివ్వను."

సుభాషిణి కళ్లు తుడుచుకుని లేచింది. ఒక్కో అమ్మాయికీ ఒక్కో నంబరు వేసి, పేర్ల ముడి విప్పి, నంబర్లతో మళ్లీ ముడివేసింది. అమ్మయ్య! పసుపు చున్నీ అసలు లావణ్యకు చేరింది.

వైవాకి వేరే కాలేజీ నుంచి వచ్చిన సారు కళ్లజోడు పైనుంచి చూశారు. "పేరుండగా ఈ నంబరెందుకమ్మా?" సుభాషిణి తడుముకోకుండా చెప్పింది.

"మరి మనిషి వెళ్లిపోతే ఆ నంబరు కొత్తవాళ్లకిస్తావా?"

"ఇవ్వను సార్. ఇస్తే పాతవాళ్ల బట్టలు కొత్తవాళ్ల పేరు మీదకొచ్చేస్తాయి."

"ఎవరు చెప్పారిది?"

"మా హాస్టల్లో బట్టలుతికే అప్పాయమ్మ గారు సార్."

సారు తన చొక్కా కాలరు వెనక చెయ్యిపెట్టి తడుముకున్నారు. తర్వాత మార్కుల కాగితం దగ్గరికి లాక్కున్నారు. సుభాషిణి గట్టెక్కింది!

నా తోటి ప్రాజెక్టులన్నిటినీ సెలవుల్లో ల్యాబువాళ్లు చెరిపేశారు, పాపం. నేను హాస్టల్ ఆఫీసులోని పాత కంప్యూటర్లో హాయిగా ఉన్నాను. నాకూ అప్పాయమ్మకూ మాట తేడా వస్తే ఇప్పటికీ అందరూ ఆవిడ మాటే నమ్ముతారు. నిజం చెప్పొద్దూ, నేనూ అంతే.

నంబర్లు వేసేటప్పుడు సుభాషిణి ఒకటో నంబరు ఎవరికీ ఇవ్వలేదు. పాసైన రోజు దాని ఎదురుగా అప్పాయమ్మ పేరు రాసి, ఆవిడను పిలిచి చూపించింది.

"నాకేటికమ్మా నంబరు? నా సీరలు నాకు తెలీవేటి?" అంటూనే ఆవిడ చాలాసేపు నావైపు చూసింది.

మర్నాడు మూటతో ఆఫీసు గుమ్మం దాటుతుంటే ఆవిడ చెంగు మూల కొత్త గుర్తు కనిపించింది. నల్లగా, ఒకే ఒక్క గీత.