యాకమ్మ పెట్టిన రాళ్లు

ధర్మసాగర్ అవతల, గుట్ట వాలులో ఉంది యాకమ్మ వాళ్ల చెలక. దాని నడుమ గుండ్రంగా పాతిన పెద్ద బండలు, వాటి మధ్య రాళ్ల కుప్ప. రాకాసోళ్ల గోరీ అంటారు ఊళ్లో. వేల ఏళ్ల నాటి మనుషుల సమాధి అని బడిపంతులు శ్యాంసుందర్ చెప్పాడు. యాకమ్మ మొగుడు వెంకట్రాజానికి మాత్రం అది పత్తికి అడ్డం, అంతే. మొండివాడు రాజు కంటే బలవంతుడు. ఎవరు వద్దన్నా వినకుండా డ్రైవర్ జమాల్‌తో జేసీబీ తెప్పించాడు.

బండి కుప్ప దగ్గరికి రాగానే యాకమ్మ పోయి రాళ్ల మీద కూర్చుంది.

"లేవే, పోరడు ఎంతసేపు ఆగుతడు?" అన్నాడు వెంకట్రాజం.

"నా బిడ్డ మీదికెల్లి బండి పోనియ్య!"

జమాల్ గబుక్కున ఇంజన్ ఆపేశాడు.

ఇరవై రెండేళ్ల కింద, పుట్టిన మూడోనాడే పోయింది పిల్ల. పసిగుడ్డును పూడ్చిన జాగ తల్లికి చెప్పకూడదని వాళ్లింటి కట్టు. చెబితే అక్కడే ఏడుస్తూ కూర్చుంటుందట. ఆ కట్టు పెట్టినవాళ్లకు కడుపుకోత తెలిస్తే కదా! అప్పట్లో చెలకలోనే గుడిసె. పార పట్టుకుని మొగుడు ఈ కుప్ప వైపు నుంచి రావడం పచ్చిబాలింత కళ్లారా చూసింది. అప్పటి నుంచి ఏటా ఒక రాయి తెచ్చి దీని మీద పెడుతోంది.

వెంకట్రాజం తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"బిడ్డ గీడ లేదే. గా గట్టు మీద, తంగేడు కింద పెట్టిన."

ఆ తంగేడు మీద కొడవలి పడనివ్వడు, దాని దగ్గరికి నాగలి రానివ్వడు. ఒట్టి బద్ధకమని యాకమ్మ ఎన్నిసార్లు తిట్టిందో! ఇప్పుడు ఆ తంగేడు దిక్కే చూసింది.

"మరి ఇన్నేండ్లు ఎవలికి పెట్టిన రాళ్లు?" అని భోరుమంది.

జమాల్ బండి దిగి వచ్చాడు. "ఫికర్ జేయకు చిన్నమ్మా. గీ లోపలున్నోళ్లు గూడ ఎవలో తల్లి కన్నోళ్లే గద. నువ్వు తప్ప వాళ్లకు ఎవలున్నరు?"

యాకమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. వెంకట్రాజం కుప్పకేసి చూసి, భార్యకేసి చూశాడు.

"బండి మలుపు జమాలూ. నాలుగు సాళ్లు తక్కువైతే ఏమైతది."

ఆ మాట అని చెయ్యి అందించి ఆమెను లేపాడు. యాకమ్మ చెలకలో రెండు రాళ్లు ఏరింది. ఒకటి కుప్ప మీద పెట్టింది. రెండోది మొగుడి చేతిలో పెట్టి గట్టు దిక్కు కదిలింది.

"నడువ్. గీసారి నువ్వు పెట్టు."