విత్తనపు పుంజు

ఫిర్మిన్ నలభై ఏళ్ళుగా పందెపు పావురాలు పెంచుతున్నాడు. కోళ్ళ గురించి మాత్రం ఆయనకు తెలిసింది ఒక్కటే, పళ్ళెంలోకి వచ్చాక ఎలా తినాలో. అలాంటి మనిషికి కోళ్ళు అప్పగించి ఆయన భార్య గోదెలీవ్ పది రోజులు ఊరెళ్ళింది. తప్పెవరిదో మీరే చెప్పండి.

ఓస్టెండ్‌లో ఉన్న చెల్లెలికి మోకాలి ఆపరేషన్. వెళ్ళక తప్పదు. బస్సెక్కుతూ గోదెలీవ్ ఒకే మాట చెప్పింది.

"నాలుగు పుంజులున్నాయి. మంచిదాన్ని విత్తనానికి ఉంచు. తక్కిన మూడూ కోసి ఫ్రీజర్‌లో పెట్టు. చలికాలమంతా మేపలేం."

"ఏది మంచిదో నాకేం తెలుసే?"

"కళ్ళున్నాయిగా!"

అవి మెహెలెన్ అనే జాతి చారల కోళ్ళు, కూరకు పేరుపడ్డవి. గోదెలీవ్ తండ్రి అలోయిస్ యాభై ఏళ్ళుగా ఒకే వంశం నిలబెడుతూ వచ్చాడు. మొన్న వసంతంలో వృద్ధాశ్రమానికి వెళ్తూ వాటిని కూతురి చేతుల్లో పెట్టాడు. "ఇవి కోతకు రావడానికి అర్ధ సంవత్సరం పడుతుంది. సంతలో తెల్ల పిల్లలు కొంటే ఆరు వారాల్లో కూరొస్తుంది కదా" అని ఫిర్మిన్ అప్పుడే సణిగాడు. "వచ్చేది కూర కాదు, దూది. ఆశ్రమంలో నాన్నకు పెడుతున్నది అదే. అందుకే ముద్ద ముట్టడం లేదు" అంది ఆవిడ. నిజమే. వేసవి నుంచీ ముసలాయన పళ్ళెం పక్కకు నెట్టేస్తున్నాడు. క్రిస్మస్ దాకా ఉండనివాడికి తిండెందుకు అంటున్నాడు.

గోదెలీవ్ వెళ్ళిన మర్నాడు ఫిర్మిన్ కుర్చీ వేసుకుని పుంజుల్ని పరిశీలించాడు. ఐదు పెట్టలతో ఒక దడిలో ఉన్నది పెద్దాడు. ఐదు కిలోల బరువు. గింజలు చల్లినా నింపాదిగా, అల్లుడు విందుకొచ్చినట్టు వస్తాడు. పక్క దడిలో తక్కిన ముగ్గురు. వాళ్ళలో ఒక బక్కోడు చూస్తుండగానే దడి మీద నుంచి లేచి, నేరుగా పావురాల గూటి కప్పు మీద వాలాడు. ఫిర్మిన్ గుండె పొంగిపోయింది. పావురాల వాళ్ళ ధర్మం ఒకటే: ముందొచ్చింది గూటికి, వెనకబడింది కుండకి. పెద్దాడూ మరో ఇద్దరూ ఆ రోజే ఫ్రీజర్ చేరారు. బక్కోడికి పావురాల గూట్లో, పందేలు గెలిచే చాంపియన్ పావురం పక్కన చోటు దొరికింది.

పదో రోజు సాయంత్రం గోదెలీవ్ వచ్చింది. సంచి కింద పెట్టకుండానే దడి వైపు చూసింది.

"పెద్దాడేడయ్యా?"

ఫిర్మిన్ మీసం మెలేస్తూ గూటి తలుపు తీసి చూపించాడు. "చూడు, ఎలా ఎగురుతాడో!"

"నా కొంప ముంచావు కదయ్యా! కూర కోడి ఎగిరితే కండ ఎక్కడ పడుతుంది? ఛాతీ చూడాలి, నిదానం చూడాలి. బరువు మోయలేక నడిచేవాడే విత్తనం!"

తిట్టినంతసేపూ ఫిర్మిన్‌కు ధైర్యంగానే ఉంది. తిట్లు ఆగిపోయి ఆవిడ మెట్ల మీద కూర్చుని ఏడవడం మొదలుపెట్టేసరికి ఆయన మీసం వదిలేసి గూటి తలుపు మూసేశాడు. యాభై ఏళ్ళ వంశం. ఆ బరువున్న పుంజు ఇంకోటి లేదు. "నాన్నకు చెప్పకు. తట్టుకోలేడు" అంది చివరికి.

మర్నాడు ఆదివారం. పెద్దాణ్ణి బీరులో మూడు గంటలు ఉడికించి, ఆపిల్ గుజ్జుతో సహా ఆశ్రమానికి తీసుకెళ్ళారు. అలోయిస్ మూత తీసి వాసన చూశాడు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఇంకోటి పెట్టుకున్నాడు. గోదెలీవ్ ముక్కలు లెక్కపెడుతోంది. ముసలాయన తొడ ఎముకను వేళ్ళతో పట్టుకుని వెలుతురుకేసి తిప్పాడు.

"ఇది పెద్దాడి ఎముక. విత్తనపు పుంజును ఎవరు కోశారు?"

గోదెలీవ్ తల దించుకుంది. ఫిర్మిన్‌కు మాత్రం అబద్ధం రాలేదు.

"నేనే మామయ్యా. ఎగిరేదే మంచిదనుకున్నాను."

"ఓరి నీ పావురాలు మండా! ఎన్నాళ్ళైంది?"

"తొమ్మిది రోజులు."

"ఆ ఎగిరేవాణ్ణి పెట్టల్లోకి వదిలావా?"

"లేదు మామయ్యా. ముచ్చటేసి నా గూట్లోనే పెట్టుకున్నా."

"నీ పిచ్చే కాపాడింది. గుడ్లేం చేశావు?"

"రెండ్రోజులు అట్టు వేసుకున్నా, మొహం మొత్తింది. తక్కినవి బుట్టలో ఉన్నాయి."

"ఫ్రిజ్‌లో పెట్టలేదు కదా?"

ఫిర్మిన్ పెళ్ళాం వైపు దొంగచూపు చూశాడు. "ఫ్రిజ్ నిండా బీరు సీసాలు మామయ్యా."

అలోయిస్ పళ్ళు లేని నోటితో పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని గోదెలీవ్‌కు ఎన్నాళ్ళైందో.

"పుంజు పోయినా వాడి బీజం పెట్ట కడుపులో రెండు వారాలుంటుందే తల్లీ! చలి తగలని ఆ బుట్టలోవి, ఈ నాలుగు రోజులూ పెట్టేవి, అన్నీ వాడి పిల్లలే. మీ పక్కింటి ఒమేర్ దగ్గర గుడ్లు పొదిగే కరెంటు పెట్టె ఉంది, ఇవాళే అడగండి. ఇంకా ఇక్కడ కూర్చున్నారేం?"

గోదెలీవ్ ఏడుస్తూనే లేచి కోటు అందుకుంది. గిన్నె మూత పెట్టబోతే తండ్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అదెక్కడికి? పొదగడానికి ఇరవై ఒక్క రోజులు, పెరగడానికి ఐదు నెలలు. అప్పుడు విత్తనానికి ఏదుంచాలో చెప్పేదెవరు, నీ మొగుడా? నేనుండాలి కదా. ఆ రెండో తొడ ఇటు వెయ్యి."