ఎండ పడ్డ వైపే ఇండియా

సరిహద్దు గేటు ముంబైలో, గోరేగావ్ స్టూడియోలో కట్టారు. ప్లైవుడ్డు మీద ఇనుప రంగు. అటొక బోర్డు, ఇటొక బోర్డు, అటొక జెండా, ఇటొక జెండా. అబ్బాయిది అమృత్‌సర్, అమ్మాయిది లాహోర్. మిగతా కథ మీరే చెప్పగలరు. ఇలాంటి సినిమాలు ఎన్నింట్లో నిలబడ్డానో నాకే గుర్తులేదు. నిలబడ్డాననే అంటాను, నటించాననను. జూనియర్ ఆర్టిస్టుని. ఏడో తరగతిలో బడి మానేసి ఈ గుంపులో కలిశాను. ఇప్పుడు మోకాళ్లు పట్టేస్తున్నాయి, గుంపు మాత్రం అదే గుంపు.

పొద్దున్నే మమ్మల్ని పంచుతారు. మనుషుల్ని తెచ్చే సప్లయర్ బబన్‌రావు వరస ముందు నడుస్తూ, ముఖాలు చూసి వేలు చూపిస్తాడు.

"నువ్వు ఇండియా. నువ్వు పాకిస్తాన్. నువ్వూ పాకిస్తానే. ఏయ్ లావూ, నువ్వు ఇండియా, వెనక నిలబడు."

దేశాన్ని నిజంగా పంచినవాళ్లు ఎన్నాళ్లు తంటాలు పడ్డారో గాని, బబన్‌రావుకి మాత్రం చాయ్ చల్లారేలోపే పనైపోతుంది. ముర్తుజా దగ్గర వేలు కూడా లేవదు. గడ్డంతోనే చూపిస్తాడు, అటు అని.

ముర్తుజా కుర్లాలో పుట్టాడు. వాళ్ల నాన్న సిటీ బస్సు కండక్టరు. ముంబై దాటి వాడు చూసిన దూరదేశం నాసిక్. తెర మీద మాత్రం ఎప్పుడూ అటువైపు సిపాయి, లేకపోతే బాంబులు పెట్టేవాళ్ల పక్కన సంచీ పట్టుకుని నిలబడేవాడు.

ఆ పొద్దున వాడు నన్ను చాయ్ దగ్గర పట్టుకున్నాడు.

"దిగంబర్, ఈసారి నీ చోటు నాకియ్యిరా."

"ఎందుకు? రెండు దేశాలకీ భోజనం ఒకే గిన్నెలోంచేగా."

"నౌషీన్ బడికి పోనంటోంది."

నౌషీన్ వాడి కూతురు, ఆరో తరగతి. టీవీలో ఏదో పాత సినిమా వస్తే క్లాసు పిల్లలంతా వీణ్ణి చూశారట.

"మీ నాన్న మన మీద మళ్లీ బాంబు ఎప్పుడేస్తాడే అని అడుగుతున్నారంట. నువ్వు ఇటువైపు ఉన్న సినిమా ఒక్కటి చూపించు అబ్బాజాన్, వాళ్లకి చెప్తానంది. ఒక్కటే అడిగిందిరా. నా దగ్గర ఒక్కటీ లేదు."

ఆ రోజు సీనులో అమ్మాయి గేటు దాటి ఇటు వస్తుంది. ఇటువైపు గుంపులో ముందున్న ముసలాయన ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒక్క మాట అంటాడు: "నీ ఇంటికొచ్చావు బిడ్డా." ఆ ముసలాయన నేను. ఆ మాట నాకు వచ్చిందని సంబరపడే వయసు దాటిపోయింది. సరే అన్నాను.

"బబన్‌రావుని నువ్వే అడుగు. నేనడిగితే నవ్వుతాడు," అన్నాడు ముర్తుజా.

అడిగాను. బబన్‌రావు నవ్వనే నవ్వాడు.

"వాడు ఇండియావాడిలా కనిపిస్తాడా?"

"ఇండియావాడే కదా బబన్‌రావ్."

"నేనడిగింది అది కాదు." కాసేపు చెవి గోక్కున్నాడు. "సరే, పగిడీ కట్టించు. డైరెక్టర్ సాబ్ అరిస్తే నీ పేరు చెప్తా."

డ్రెస్సులు చూసే లక్ష్మణ్ వాడి తలకి పగిడీ చుట్టాడు. "మెడ కదపకు మియా, ఇది టోపీ కాదు తగిలించుకోడానికి." వాడు అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుంటూనే ఉన్నాడు. నేను టోపీ పెట్టుకుని పాకిస్తాన్‌కి పోయి, మాకు గీసిన సుద్దగీత వెనక ముందు వరసలో నిలబడ్డాను. అక్కడా అదే దుమ్ము, అదే ప్లాస్టిక్ డ్రమ్ములో అవే వేడినీళ్లు. గేటు అవతల ముర్తుజా పెదాలు కదుపుతున్నాడు. నీ ఇంటికొచ్చావు బిడ్డా. నీ ఇంటికొచ్చావు బిడ్డా.

హీరోయిన్ రాలేదు. భోజనాలయ్యాయి. మళ్లీ నిలబెట్టారు. ఆమె వచ్చేసరికి పొద్దు వాలింది. కెమెరామన్ ఆకాశం వైపు చూసి తల పట్టుకున్నాడు.

"ఇండియా మొత్తం నీడలో ఉంది సాబ్. ఎండంతా పాకిస్తాన్‌లో ఉంది."

డైరెక్టర్ కుర్రాడే. లేచి చూశాడు. "అమ్మాయి ఇండియాలో అడుగు పెట్టగానే ముఖం మెరవాలి."

"మెరవాలంటే ఈ జనాన్నంతా అటూ ఇటూ మార్చాలి. అంతలోకి ఉన్న ఎండ కాస్తా పోతుంది."

"జనం ఎందుకు? బోర్డులు మార్చండి."

వడ్రంగులు బోర్డులు భుజాన వేసుకుని గేటు దగ్గర ఒకరికొకరు ఎదురుపడి దాటిపోయారు. జెండాలు మారాయి. కుర్తాలు రెండు వైపులా ఒకటే గనక వాటితో పని పడలేదు. లక్ష్మణ్ మనుషులు గోనెసంచులు పట్టుకుని తలల మీద పడ్డారు. ఇటు టోపీలు తీస్తున్నారు, అటు పగిడీలు తీస్తున్నారు.

ముర్తుజా రెండు చేతులతో పగిడీ పట్టుకోవడం నాకు కనబడింది.

"లక్ష్మణ్ భాయ్, నన్ను అవతలికి పోనీ."

"నన్నడుగుతావేంటి? ఆ మేడమ్‌ని అడుగు."

మేడమ్ అంటే అసిస్టెంట్ డైరెక్టరు. మైకులో అరుస్తోంది. "ఎవరూ కదలొద్దు! సుద్దగీత దాటొద్దు! ఇండియాలో ఇప్పుడు ముందున్న ముసలాయనే ఆ మాట చెప్పాలి!"

నేను గీత దాటాను.

"ఏయ్ టోపీ! ఎక్కడికి?"

"మేడమ్, ఆ మాట చెప్పాల్సింది నేను కాదు. అతను."

"ఏ అతను?"

"అదిగో, ఆ పగిడీ ఆయన."

ఆమె కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఏ పగిడీ?"

నేనూ చూశాను. అటు అన్నీ టోపీలే.

"ఎండ పోతోందయ్యా, నీ గీతలోకి పో!"

పోయాను. లక్ష్మణ్ సంచిలోంచి తీసి ఒక పగిడీ నా తలకి చుట్టాడు. లోపలంతా చెమట తడి, ఇంకా వెచ్చగా ఉంది. ముర్తుజాదో, ఇంకెవరిదో. హీరోయిన్ గేటు దాటి వచ్చింది. ముఖం బాగానే మెరిసింది. తల మీద చెయ్యి పెట్టాను. నీ ఇంటికొచ్చావు బిడ్డా అన్నాను. ఆమె భుజం వెనకగా, ఊచల అవతల నీడలో వాడి ముఖం. సీను ప్రకారం వాళ్లంతా చేతులూపాలి. వాడూ ఊపుతున్నాడు. ఒక్క టేకుకే ఓకే అయింది.

తిరుగు బస్సులో వాడు కిటికీ పక్కన కూర్చున్నాడు. కిటికీ అద్దం పక్కకి జరుపుతూ అన్నాడు, "నేను ఒక్క అడుగు కూడా కదల్లేదురా."

"చూశాను."

"గీత మీదే నిలబడ్డాను."

"నౌషీన్‌కి ఏం చెప్తావు?"

"సినిమా రిలీజే కాకూడదని దువా చేస్తాను. మనవి సగం డబ్బాల్లోనే మగ్గుతాయిగా."

రిలీజైంది. ఆడింది కూడా. మేం అద్దెకుండే చాల్‌లో ఆడవాళ్లు నన్ను ఆపి, ఆ చెయ్యి పెట్టే చోట ఏడుపొచ్చిందన్నా అన్నారు. నౌషీన్ చూసిందో లేదో వాడు చెప్పలేదు. నేనడగలేదు.

తర్వాతి సినిమాకి మళ్లీ వరసలో నిలబడ్డాం. బబన్‌రావు చాయ్ గ్లాసుతో వచ్చాడు. వేలు చూపిస్తూ మా దగ్గరికి నడుస్తున్నాడు. గడ్డం ఎత్తే పని అతనికి పెట్టకుండానే ముర్తుజా వరసలోంచి బయటికొచ్చి అటు నడిచాడు.