తాగి పడ్డాడన్న తీర్పు

లైట్‌మన్ తమ్ముడు సెట్లో ఎత్తైన పరంజా మీంచి కింద పడ్డాడు గానీ వాడు పైన బిగించిన లైటు ఆరలేదు. హీరో మొహం మీద అలాగే వెలుగుతూ ఉంది. షాటు అయ్యేదాకా వాడి దగ్గరికి ఎవరినీ వెళ్లనివ్వలేదు. అప్పటికే ప్రాణం పోయింది. ఆ సెట్లోనే హెయిర్‌డ్రెస్సర్‌గా పనిచేసే అక్క ఇదంతా కళ్లారా చూసింది.

నడుముకు కట్టుకోవడానికి తాడు ఇమ్మని వాడు ఎన్నిసార్లో అడిగాడు. ఇవ్వలేదు. పైగా తాగి పడ్డాడని పుకారు పుట్టించారు. నిర్మాతల మండలి విచారణ సంఘం వేసింది. ఆహా, ఏం దయ! సంఘం నిండా నిర్మాతలే. కార్మికుల తరఫున కూర్చున్న సమాఖ్య అధ్యక్షుడు కూడా ఈ మధ్యే నిర్మాత అయ్యాడు.

"వాడు తాగలేదని వాళ్లు రాస్తే చాలు బాబాయ్," అంది అక్క లైట్ల మేస్త్రితో. "వాడి కూతురు రేపు తలెత్తుకు తిరగాలి కదా."

"మన కార్డులు వాళ్ల చేతిలో ఉన్నాయమ్మా. కార్డు పోతే ఏ సెట్లోనూ అడుగు పెట్టనివ్వరు."

"ఆ కార్డు పెట్టుకుని ఏం చేస్తాం, నాకుతామా?"

తీర్పు రోజున మండలి హాలు కిక్కిరిసిపోయింది. లైట్‌మెన్, డ్రైవర్లు, వంటవాళ్లు, డాన్సర్లు. నినాదాలతో చెవులు గింగురుమన్నాయి. మండలి కార్యదర్శి ఒకప్పుడు అసిస్టెంట్ డైరెక్టరు, గడుసు పిండం. మైకు అందుకుని, "సైలెన్స్! టేక్!" అని అరిచాడు.

అంతే, హాలంతా సద్దుమణిగింది. ఏళ్ల తరబడి ఆ కేకకు దగ్గు కూడా దిగమింగుకున్న జనం మరి! ఎత్తిన పిడికిళ్లు ఎత్తినట్టే ఉన్నాయి, నోళ్లు పెగల్లేదు. ఛీ, ఏం బతుకు! "మద్యం మత్తులో ప్రమాదం. నిర్మాతకు బాధ్యత లేదు," అని అతను తాపీగా చదివేశాడు.

అక్క లేచి నిలబడింది. "అబద్ధం! మావాడు తాగలేదు! తాడు అడిగితే మీరివ్వలేదు!" ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు చివరి వరుస దాకా వినబడింది.

కార్యదర్శి కంగారులో, "కట్! కట్!" అన్నాడు.

కట్ అనగానే నోరు విప్పడమూ వాళ్లకు అలవాటే. హాలు భగ్గుమంది. బల్లలు తిరగబడ్డాయి. పోలీసులు వచ్చి దొరికినవాళ్లను దొరికినట్టు బాది, అక్కనీ మేస్త్రినీ వ్యానులో పడేశారు.

వాళ్లు బయటికి వచ్చేసరికి తీర్పులో అక్షరం మారలేదు. అందరి కార్డులూ మండలి లాగేసుకుంది. తాగి పడ్డాడని ఒప్పుకున్నవాళ్లకే తిరిగి ఇస్తుందట. స్టూడియో గేటు దగ్గర జనం బారులు తీరారు. తలొంచుకుని ఒక్కొక్కరే ఆ మాట అనేసి లోపలికి పోతున్నారు. అక్క ఎదురుగా ఫుట్‌పాత్ మీద కూర్చుని చూస్తూ ఉంది. తిట్టడానికి కూడా ఆమెకు ఓపిక లేదు.

మేస్త్రి వంతు వచ్చింది.

"తాగాడని చెప్పు, కార్డు తీసుకో," అన్నాడు కార్యదర్శి.

మేస్త్రి కార్డు కోసం చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి లాక్కున్నాడు. "మావాడు తాగలేదు," అన్నాడు చివరికి.

వచ్చి అక్క పక్కన చతికిలబడ్డాడు. లోపల షూటింగ్ మొదలైంది.

"ఇంకెలా బతుకుతాం బాబాయ్?"

"ఏమోనమ్మా, నాకూ తెలీదు." మేస్త్రి గేటు వైపు చూశాడు. "కాస్త జరుగు. డ్రైవర్‌గాడు కూడా వట్టి చేతుల్తో వస్తున్నాడు."